ఎర్రకుళ్ళు మీద పేజీన్నర

నా నోటికి జడిసే మా అమ్మ నన్ను చదువులో పెట్టిందని మా వాళ్ళు వేళాకోళం చేసేవారు. "ఈ నోరు అత్తారింట్లో చెల్లదు, కాలేజీలో అయితే జీతమిచ్చి మరీ వింటారు" అనేవాడు మా చిన్నాన్న. అరవైల చివర్లో అనకాపల్లిలో ఒక కాలేజీలో తెలుగు ట్యూటరుగా చేరేను. స్టాఫు రూములో ఆడమనిషిని నేనొక్కర్తినే. "మీకు ఇబ్బంది లేకుండా" అని బీరువా వెనకాల ఒక చిన్న బల్ల వేసేరు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ బల్లని బీరువా ముందుకి లాక్కున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, అనుంటే బాగుణ్ణు అనిపించింది కూడా.

ఆ ఏడే మా కాలేజీలో పి.యు.సి.కి తెలుగు మీడియం సెక్షను పెట్టేరు. చీడికాడ నుంచి, నాతవరం నుంచి, ఇంకా లోపలి ఊళ్ళ నుంచి రైతుల పిల్లలు అందులో చేరేరు. టౌనులో కొట్లున్న సాయిబుల పిల్లలు కొందరు చేరేరు. మొత్తం నలభై ముగ్గురు. పాఠం చెప్పవలసిన లెక్చరర్లందరూ ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళే. పొద్దున్న లేస్తే నా బల్ల దగ్గరికి ఎవరో ఒకరు రావడం, "అమ్మా, ఫలానా దాన్ని తెలుగులో ఏమంటారు?" అనడం, నేను ఒక మాట చెప్పడం, వాళ్ళు కాయితం మీద రాసుకుని పోవడం. పదకోశం ఎక్కడుంది అంటే బీరువా ముందు కూచుంది అని నా మీద ఒక హాస్యం కూడా ఉండేది. వాళ్ళకి నేను చాలా సాయం చేస్తున్నానని నా నమ్మకం.

క్వార్టర్లీ పరీక్షలయ్యేక ప్రిన్సిపాలు గారు కబురంపేరు. బల్ల మీద బోటనీ పేపర్ల కట్ట ఉంది. బోటనీ మేస్టారికి జ్వరమొస్తే జువాలజీ ఆయన దిద్దేరట. "చదవండి" అన్నారు.

చదివేను. 'ఆకు అడుగుభాగమున పత్రరంధ్రములు అధికముగా నుండును. ఆ తలుపు దగ్గరగా వెయ్యండర్రా, ఎండ పడతంది. వీటి ద్వారా నీరు ఆవిరి రూపమున వెలుపలికి పోవును.'

ఇదేమిటి అనుకుని రెండో పేపరు తీసేను. అందులోనూ తలుపు వెయ్యమనే ఉంది. మూడోదాన్లోనూ అంతే. నలభై ముగ్గురూ రాసేరు. ఒక మహానుభావుడు ఆ వాక్యం ముఖ్యమైనదని కింద గీత కూడా కొట్టేడు.

విషయం అర్థమయ్యేసరికి నాకు నవ్వాగలేదు. మేస్టారు కళ్ళు మూసుకుని నోట్సు చెప్పుకుంటూ పోతారు, పిల్లలు తలొంచుకుని రాసుకుంటూ పోతారు. మధ్యలో ఆయన గుమ్మం దగ్గర కూచున్నవాళ్ళతో ఒక మాటన్నారు. అదీ రాసేసుకున్నారు. ఇంటికెళ్ళి బట్టీ పట్టేరు. ఆకుల రంధ్రాలకీ తలుపులకీ ఎండకీ ఏదో సంబంధం ఉందనే అనుకున్నారు, పాపం. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చూస్తే ప్రిన్సిపాలు గారు నవ్వడం లేదు.

"నవ్వకండి" అన్నారు. "ఫిబ్రవరిలో కాలేజీ కమిటీ వాళ్ళు వచ్చి తెలుగు సెక్షను చూస్తారు. బోటనీకి ఇద్దరున్నారు. ఇంగ్లీషు సెక్షను ఆ కుర్ర లెక్చరరు చూస్తాడు. ఈయన తెలుగు సెక్షను నడపలేరని తేలితే వచ్చే ఏడు ఈయనకి పని లేదు. పద్దెనిమిదేళ్ళు చేసేరు ఇక్కడ. ఈ వయసులో ఎక్కడికి పోతారు?"

"నన్నేం చెయ్యమంటారండి?"

"ఆయనకి బోటనీ వచ్చు. మీకు రాయడం వచ్చు. ఇద్దరూ కలిసి ఈ పిల్లల చేత రాయించండి. ఈ సంగతి బయట పెట్టకండి."

బోటనీ మేస్టారికి యాభై దగ్గర ఉంటాయి. తెల్ల పంచె మీద నల్లకోటు, ఎండాకాలమైనా విప్పరు. చీడికాడ అవతల చెరుకు పండించే ఇంట్లోంచి వచ్చిన మనిషి. కాలేజీలో అడుగుపెట్టగానే ఆయన మాట మారిపోయేది. ఒక్కొక్క మాటకీ ఇస్త్రీ చేసి బయటికి తెచ్చినట్టుండేది. సొంత ఊరి వాళ్ళెవరైనా గేటు దగ్గరికొస్తే మాత్రం గొంతు తగ్గించి, పక్కకి తీసుకుపోయి, అసలు మాట మాటాడేవారు. క్లాసులో ఆయన ముందు ఒక ఖాకీ అట్ట నోటుబుక్కు తెరిచి ఉండేది, ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు ఇంగ్లీషులో రాసుకున్నది. ఒక వాక్యం చూసి, కళ్ళు మూసుకుని, దాన్నే అక్కడికక్కడ తెలుగులో పెట్టి చెప్తున్నారు.

నేను వెళ్ళేసరికే ఆయనకి కబురు అందింది. కోపంగా ఉన్నప్పుడు ఆ ఇస్త్రీ నిలిచేది కాదు. "ఏటమ్మా, నాకు బోటనీ నేర్పుతావేటి?" అన్నారు.

"బోటనీ కాదు మేస్టారూ, తలుపు వెయ్యడం నేర్పుతాను" అన్నాను. నోరు జారేక నాలిక కరుచుకుని ఏం లాభం? పేపరు చేతిలో పెట్టేను.

చదివి, అలాగే పట్టుకుని కూచున్నారు. "ఎంతమంది?"

"నలభై ముగ్గురూనండి."

"అయితే నేను చెప్పింది ఒక్కడూ వినలేదన్నమాట."

"అందరూ విన్నారండి. గొడవంతా అదే."

ఆ మాటకి ఆయన తలెత్తి నన్ను చూసేరు. ఆ చూపుకి నాకు జాలేసింది, ఆ జాలితోనే పెద్ద పొరపాటు చేసేను. ఆయన నోటుబుక్కు అడిగి తీసుకుని, దసరా సెలవులన్నీ కూచుని, మొత్తం తెలుగులో తిరగరాసేను. ఏం రాసేననుకున్నారు! సంధులు, సమాసాలు, ఒక్కొక్క వాక్యం మూడేసి వరసలు. రాసినదాన్ని నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయేను. సెలవులయ్యేక మేస్టారి చేతిలో పెట్టి, అది ఎలా పండుతుందో చూడాలని నేను కూడా క్లాసుకెళ్ళి ఆఖరి బెంచీలో కూచున్నాను.

ఆయన చదివేరు. "వృక్షదేహమందలి జలము పత్రరంధ్రముల ద్వారా బాష్పరూపమున నిర్గమించుట..." నలభై మూడు తలలూ కిందికి వంగేయి, పెన్నులు గీసుకుపోతున్నాయి. ముందు బెంచీలోంచి నాతవరం వైపు కుర్రాడొకడు లేచేడు. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు, అడగడానికి జంకేవాడు కాదు.

"సార్, నిర్గమించుట అంటే ఏటండి?"

మేస్టారు కాయితం చూసేరు. నన్ను చూసేరు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆయనకి తెలీదు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆకుల్లోంచి నీరు ఎలా పోతుందో చెప్తున్న మనిషి, తన నోటితో తను చదివిన మాటకి అర్థం తెలీక నిలబడిపోయేరు. "రేపు చెప్తాను" అని కాయితాలు మడిచి బయటికెళ్ళిపోయేరు.

నాకు సిగ్గేసింది. ఎన్నడూ వెయ్యనంత వేసింది. ఆయన నోట్లో నా నాలిక పెట్టి, ఇదే సాయమనుకున్నాను. వెనకాలే వెళ్ళి, "తప్పు నాది మేస్టారూ" అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. ఆయన తలాడించి వెళ్ళిపోయేరు. నెల్లాళ్ళు ఇద్దరం ఎదురుపడినా పక్కనుంచి పోయేవాళ్ళం.

కార్తీకంలో ఒకరోజు లేబొరేటరీ వరండాలోంచి పోతున్నాను. ఊళ్ళనుంచి వచ్చే పిల్లలు నలుగురైదుగురు ఎండిపోతున్న చెరుకు గెడ ఒకటి తెచ్చి మేస్టారికి చూపిస్తున్నారు. ఆయన పంచె ఎగ్గట్టి గచ్చు మీద గొంతుక్కూచున్నారు. నల్లకోటు కిటికీకి వేలాడుతోంది. చేతిలో కత్తి. కాలేజీలో ఉన్నానన్న సంగతే మర్చిపోయేరు.

"ఇటు సూడండర్రా. పైకి గెడ బాగానే ఉంది, అది మోసం. పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపెక్కేయా లేదా? అది మొదటి కబురు. ఇప్పుడు సీల్చుదాం. ఇదిగో, ఎరుపు. ఒట్టి ఎరుపే అయితే ఇంకేదైనా అవ్వొచ్చు, బేగిపడి పేరెట్టకండి. ఆ ఎరుపుకి అడ్డంగా తెల్లమచ్చలున్నాయి, సూసేవా? ఇప్పుడు ముక్కు దగ్గరెట్టు. ఏటి వాసనొత్తంది?"

"పులిసిన కల్లు వాసనండి!"

"మరి అదీ. ఇంక డౌటు లేదు. ఎర్రకుళ్ళు."

పావుగంట చెప్పేరు. నోటుబుక్కు లేదు, కళ్ళు మూసుకోలేదు, తడుముకోలేదు. పిల్లలు రెప్ప వెయ్యలేదు. నేను స్తంభం పక్కన నిలబడి, చేతిలో ఉన్న పాత హాజరు కాయితం వెనక ఆయనన్నది అన్నట్టు రాసేసేను. ఇంత పాఠం ఈ మనిషి లోపల పెట్టుకుని, బయట ఆ పాత నోటుబుక్కు చదువుతున్నాడా అని ఒళ్ళు మండింది కూడా.

సాయంత్రం ఆ కాయితం ఆయనకిచ్చేను. చదువుతూ చదువుతూ మొహం ఎర్రబడింది.

"ఎక్కిరిస్తన్నావా అమ్మా?"

"అయ్యో, లేదండి!"

"ఊళ్ళోవాళ్ళతో అన్న మాట కాయితం మీద పెడతావేటి? ఈ బాస ఒదిలించుకోడానికి నేను పదేళ్ళు సదివేను. ఈ బాసకే హాస్టల్లో నన్ను ఏడిపించీవోరు. ఇప్పుడు నువ్వొచ్చి రాసి సూపిత్తన్నావు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా. "మీరు వదిలించుకోలేదు మేస్టారూ, బతికిపోయేరు" అన్నాను. "వదిలించుకునుంటే ఇవాళ ఆ పిల్లలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మీకు కావాలంటే నా బాష్పరూపమున నిర్గమించుట ఉంది, మళ్ళీ తెచ్చివ్వనా?"

కాయితం చింపుతారేమో అనుకున్నాను. మడతపెట్టి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేరు.

మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి ఆ కాయితం ముందు పడేసేరు. "నువ్వు రాసిందాంట్లో తప్పుంది. ఆకు పసుపెక్కడం కొసనుంచి, అంచులమ్మట వత్తాది. ఆ సంగతి నేను సెప్పేను, నువ్వు ఒగ్గేసేవు." అంచున ఆయన చేత్తో నాలుగు వరసలు తెలుగులో రాసి ఉన్నాయి. ఇంటికి రాసే ఉత్తరాలు తప్ప తెలుగులో ఆయన రాసిన మొదటి ముక్క అదేనని తరవాత చెప్పేరు. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకుని విన్నాను.

అక్కడినుంచి మా పని దారిలో పడింది. క్లాసులో ఆఖరి పావుగంట డిక్టేషను లేదు. పిల్లలందరూ ఒక పేజీ రాయాలి. పుస్తకంలో ముందువైపు నోట్సు ఉంటుంది కాబట్టి పుస్తకం తిరగేసి వెనకనుంచి రాసుకోమన్నాం. ఏ మాట తోస్తే ఆ మాట రాయొచ్చు. శాస్త్రంలో పేరు కావలసిన చోట మాత్రమే ఆ పేరు పెట్టాలి. వారానికోసారి మేస్టారు ఆ పేజీలన్నీ చదవాలి.

మొదటివారం దిద్దినవి నాకు చూపించేరు. దీర్ఘాలు, ఒత్తులు, అన్నీ ఎర్రసిరాతో దిద్దేరు, పేజీల్లో ఎరుపు తప్ప మరేం కనపడదు. "ఇది నా పనండి, మీరెందుకు చేసేరు?" అన్నాను.

"మరి నా పనేటి?"

"వీడు రాసింది నిజమా కాదా నాకు తెలీదు. మీకు తెలుసు. వీడు కళ్ళతో చూసి రాసేడా, ఎవరో అంటే విని రాసేడా, అది మీరు చూడండి."

ఆయనకి ఆ మాట పట్టుకుంది. ఆ తరవాత ఎర్రసిరా మానేసి, అంచున పెన్సిలుతో రెండే అక్షరాలు పెట్టేవారు. చూసి రాసినదానికి పక్కన 'చూ', విని రాసినదానికి పక్కన 'వి'. విన్నది రాయడం తప్పు కాదు, ఎవరి దగ్గర విన్నావో రాయాలి, అంతే. నెల తిరిగేసరికి పిల్లలు తమ పేజీల్లో తామే పెట్టుకోవడం మొదలెట్టేరు. రొట్టెల దుకాణం సాయిబు గారి అమ్మాయి ఒకర్తి ఉండేది, నోరు విప్పేది కాదు. బూజు మీద రెండు పేజీలు రాసింది. నీళ్ళకుండ పక్క అరలో పెట్టిన రొట్టెకి ముందు బూజు పడుతుందని, పై అరలో దానికి రెండ్రోజులు ఆలస్యమని, మొదట తెల్లగా ఉండి తరవాత నల్లచుక్కలొస్తాయని, తను రోజూ పొద్దున్న చూసి రాసింది. అంచున పదకొండు 'చూ'లున్నాయి. మేస్టారు ఆ పుస్తకం పట్టుకుని స్టాఫు రూమంతా తిరిగేరు.

"బావా, నీ సెక్షను కరణాల కచేరీ అయిపోయింది, అందరూ రాతకోతలే" అని ఎకనామిక్స్ ఆయన మేస్టారిని ఏడిపించేవారు. ఏడిపిస్తూనే పదిరోజులకి నా బల్ల దగ్గరికి ఆయనా వచ్చేరు. ఫిజిక్స్ ఆయనా వచ్చేరు. "పాఠం మేం చెప్తాం, రాయించడం మీరు చూసుకోండి" అన్నారు. కుదరదన్నాను. బెల్లం ధర ఎందుకు పడిందో రాసినవాడు సరైన కారణం చెప్పేడా లేదా నాకేం తెలుసు? లోలకం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి రాసేడో, పుస్తకంలోది ఎక్కించేడో నేనెలా పట్టుకుంటాను? ఎవరి సబ్జెక్టులో రుజువేదో వాళ్ళకే తెలుసు, అంచేత ఎవరి రాత వాళ్ళే చదవాలి. నేను వెనక బెంచీలో కూచుని, పిల్లాడు ఎక్కడ పెన్ను ఆపి గుటకలు మింగుతున్నాడో చూసి చెప్తాను. అంతవరకే నా పని. ఈ మాట ఆ ఏడు ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పేనో లెక్కలేదు, ఇప్పటికీ అదే చెప్తాను.

ఇదంతా బాగానే ఉంది. ఫిబ్రవరి వచ్చింది. కమిటీ సోమవారం వస్తుందని గురువారం తెలిసింది.

కమిటీ వాళ్ళు పాఠం వినరు. నోటుబుక్కులు చూస్తారు. అన్ని కాలేజీల్లోనూ అదే ఆనవాయితీ. బల్ల మీద దొంతరగా పెడితే నాలుగు తీసి, పక్కపక్కన తెరిచి, నాలుగింట్లోనూ ఒకటే రాసుంటే పాఠం జరిగినట్టు. ఆఖరి చాప్టరు దాకా ఉంటే సిలబసు పూర్తయినట్టు. మా పిల్లల పుస్తకాల్లో ముందువైపు నోట్సు సగానికే ఆగిపోయింది. వెనకవైపు చూస్తే ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు.

మేస్టారు ఆ పొద్దున్నే వచ్చేరు. మొహంలో నెత్తురు లేదు. "ఇవాళా రేపూ ఇంగ్లీషు మేస్టారి పీరియడ్లు కూడా తీసుకుని డిక్టేషను సెప్పేస్తానమ్మా. మిగతా నోట్సంతా ఎక్కించేస్తాను."

"వద్దండి! ఇంత చేసేక మళ్ళీ చిలకపలుకులా? వెనకవైపు చూపిద్దాం. అది చూసి ఎవరు కాదంటారో నేనూ చూస్తాను" అన్నాను.

"ఎద్దు పుండు కాకికి నొప్పేటి?" అన్నారాయన మెల్లిగా. "పోయీది నా ఉజ్జోగం. నీది కాదు గదా."

నిజం. నాకు ఎదురుచెప్పడం సులువు. ఇంటికి పోతే అన్నం పెట్టడానికి మా అమ్మా నాన్నా ఉన్నారు. ఆయన మీద ఆరుగురు ఆధారపడి ఉన్నారు. ఇవాళ అర్థమవుతోంది గానీ ఆ రోజు మాత్రం, "మీ ఇష్టం" అని మొహం తిప్పుకున్నాను. గురువారం, శుక్రవారం ఆయన గొంతు పోయేదాకా చెప్పేరు. పిల్లలు చేతులు పడిపోయేదాకా రాసేరు. వరండాలోంచి పోతుంటే ఆ 'నుండును, పోవును' వినపడి నడక జోరు చేసేదాన్ని. సోమవారం దాకా ఆయనతో మాటాడలేదు.

సోమవారం ముగ్గురొచ్చేరు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. ఒకాయన ప్లీడరు. పెద్దాయన మాత్రం చెరుకు రైతు, బెల్లం మార్కెట్లో కొట్టు కూడా ఉంది. కమిటీకి ఆయనే పెద్ద. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. మేస్టారు నల్లబల్ల పక్కన కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డారు. నేను ప్రిన్సిపాలు గారి వెనక గుమ్మం దగ్గర ఉన్నాను.

హెడ్మాస్టరు గారు నాలుగు పుస్తకాలు తీసి పక్కపక్కన తెరిచేరు. పేజీ తిప్పేరు, కలిసింది. ఇంకో పేజీ తిప్పేరు, కలిసింది. ఆఖరి చాప్టరు చూసేరు. "నోట్సు పూర్తి చేసేరు. బాగుంది. తెలుగు సెక్షనుకి ఈ పద్ధతి ఉంటే భయం లేదు" అన్నారు. ప్రిన్సిపాలు గారు ఊపిరి వదిలేరు. మేస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఉద్యోగం నిలబడిపోయింది. నిజం చెప్పొద్దూ, అంత కోపంలోనూ నాకు ప్రాణం లేచొచ్చింది.

లేచి వెళ్ళబోతూ ఆ పెద్దాయన ఒక పుస్తకం దొంతర మీద పెట్టబోయేరు. అది బోర్లా పడింది. అట్ట తెరుచుకుని వెనకవైపు రాత కనపడింది. ఆయన ఏదో చూసి ఆగేరు. కళ్ళజోడు పెట్టుకున్నారు. నిలబడే చదవడం మొదలెట్టేరు, చదువుతూ చదువుతూ పైకి చదివేరు.

"మా మీది మడిలోంచి నీరు కింది మడికి దిగుతుంది. తెగులు కూడా ఆ దారినే దిగింది. పక్క మడికి గట్టు ఎత్తు, ఈ నీరు ఎక్కదు. అక్కడ ఒక్క గెడ ఎండలేదు." పేజీ తిప్పేరు. ఇంకా అర పేజీ ఉంది. అదీ చదివేరు. "ఇదెవరిది?"

నాతవరం కుర్రాడు ఒక అడుగు ముందుకేసేడు.

"ఎర్రకుళ్ళు నీటి దారిన దిగుతుందని నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ సెప్పలేదండి. మా సేను సూసి నేనే రాసేనండి."

"మీ మేస్టారు చెప్పలేదా?"

"లేదండి" అన్నాడు. అబద్ధమాడడం వాడికి రాదు, ఏం చేస్తాం.

హెడ్మాస్టరు గారు గబగబా మిగతా పుస్తకాలు తిరగేసేరు. ఒకదాంట్లో బూజు ఉంది. ఒకదాంట్లో చింతపువ్వు ఉంది. ఒకదాంట్లో నాచు ఉంది. "ఏమిటిది? ఒకళ్ళది ఒకళ్ళకి కలవదే! ఈ క్లాసులో పాఠం ఎవరు చెప్తున్నారు?" అన్నారు.

నేను మాటాడబోయేను. నోటిదాకా వచ్చింది. మేస్టారు చెయ్యెత్తి నన్ను ఆపేరు. 'నేనే చెప్పేనండి' అని ఒక్క మాటంటే చాలు, అయిపోతుంది. అనండి మేస్టారూ, అనేయండి అని లోపల నేనే మొక్కుకున్నాను.

"కుర్రోడు సెప్పింది నిజవేనండి" అన్నారు. కోటు వేసుకుని, కాలేజీ గదిలో, కమిటీ ముందు, తన ఊరి మాటతో. "ఆ పేజీన్నరలో నేను సెప్పింది ఒక్క ముక్కా లేదు. ముందున్న నోట్సు నాదండి. అందులో సగం మొన్న గురువారం, శుక్రవారం సెప్పి రాయించేను, మీకు సూపించడానికి. ఎనకున్నది ఆళ్ళది."

"మరి మీరేం చేసినట్టు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"సదివేనండి" అన్నారు మేస్టారు. "నలభై మూడూ, వారం వారం సదివేను."

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు కూడా. చీర కొంగుతో తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రిటైరయ్యేదాకా ఆ సెక్షను ఆయనే నడిపేరు. అది నిలబడింది ఆ తరవాత జరిగినదాని వల్ల.

ఆ పెద్దాయన పుస్తకం మూసి ఇవ్వలేదు. దాంతోనే వెళ్ళి ముందు బెంచీలో కూచుని ఆ కుర్రాణ్ణి పక్కకి రమ్మన్నారు. వాడు బెదిరి వెనక్కి తగ్గితే చెయ్యి పట్టుకుని కూచోబెట్టేరు.

"నాకూ రెండు మళ్ళు ఇలాగే పసుపెక్కేయి బాబూ" అన్నారు. "పక్క మళ్ళు పచ్చగానే ఉన్నాయి. వచ్చే నెల నాటడానికి ఆ పచ్చటి మళ్ళలో గెడలు నరికించి విత్తనం ముచ్చెలు కొట్టిద్దామనుకుంటున్నాను. కొట్టించమంటావా, వద్దంటావా?"

కుర్రాడు గుటక మింగి మేస్టారికేసి చూసేడు.

"నాకేసి సూడకొరే" అన్నారు మేస్టారు. "రాసింది నువ్వు. నువ్వే సెప్పు."

వాడు ఒక నిమిషం తలొంచుకుని తన పేజీ చూసుకున్నాడు. తరవాత ఆ పెద్దాయనకేసి తిరిగి, "పసుపెక్కిన మడిలోంచి పచ్చమడికి నీరు దిగుతాదేటండి?" అని అడిగేడు.